కౌన్? (1999 చలనచిత్రం): ప్రేక్షకుల అభిప్రాయాలు

కౌన్? 1999 ఫిబ్రవరి 26న విడుదలైన హిందీ మానసిక ఉత్కంఠ చిత్రం. దర్శకుడు రామ్‌గోపాల్ వర్మ, రచయిత అనురాగ్ కశ్యప్, నేపథ్య సంగీతం సందీప్ చౌతా. తెరమీద ప్రధానంగా కనిపించేది ముగ్గురే: ఊర్మిళా మతోండ్కర్, మనోజ్ బాజ్‌పాయ్, సుశాంత్ సింగ్. పాటల్లేవు. కథంతా ఒకే ఇంట్లో, ఒకే వాన పూట, సుమారు గంటన్నరలో ముగుస్తుంది. థియేటర్లలో పెద్దగా ఆడలేదు. తరవాత ఇళ్ళలో చూసినవాళ్ళే దీనికి పేరు తెచ్చారు. హిందీ సినిమాయే అయినా దీని గురించి చెప్పాలంటే, వర్మ ఒకప్పుడు క్యాసెట్ల షాపు నడిపిన హైదరాబాదు అమీర్‌పేట నుంచి మొదలుపెట్టడమే న్యాయం.

అమీర్‌పేట నేపథ్యం

హైదరాబాదులో సినిమా స్టూడియోల కథ అమీర్‌పేటలోని సారథి స్టూడియోతో మొదలైంది. 1959 నాటి ‘మా ఇంటి మహాలక్ష్మి’ అక్కడ తయారైన తొలినాటి చిత్రం. పంజాగుట్ట దాటి కొంచెం పైకి వెళ్తే అన్నపూర్ణ స్టూడియో. వర్మ తండ్రి అక్కడ సౌండ్ రికార్డిస్టు. కొడుకు విజయవాడ సిద్ధార్థ కాలేజీలో ఇంజనీరింగు చదివి, పంజాగుట్ట దగ్గర్లోనే కడుతున్న కృష్ణా ఒబెరాయ్ హోటల్లో సైట్ ఇంజనీరుగా కొన్నాళ్ళు పనిచేసి, ఆ ఉద్యోగం వదిలి అమీర్‌పేటలో వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే షాపు పెట్టాడు.

1980ల్లో క్యాసెట్ షాపంటే వీధికొక చిన్న ఫిల్మ్ క్లబ్బు. క్యాసెట్‌తోపాటు వీసీఆర్ కూడా అద్దెకు తెచ్చుకుని రాత్రంతా వరసగా నాలుగు సినిమాలు చూసేవారు. నచ్చిన చోట ఆపి, వెనక్కి తిప్పి మళ్ళీ చూసే అవకాశం ప్రేక్షకుడికి మొదటిసారి చేతికొచ్చింది అప్పుడే. వర్మ ఆ తరవాత ‘రావుగారి ఇల్లు’ (1988) వంటి చిత్రాలకు సహాయ దర్శకుడిగా పనిచేసి, 1989లో ‘శివ’తో దర్శకుడయ్యాడు. ఆయన సినిమా పాఠాలు నేర్చింది అసిస్టెంటుగా కన్నా షాపు కౌంటరు వెనకాలే ఎక్కువ అనిపిస్తుంది. ‘కౌన్?’ మీద వచ్చిన అభిప్రాయ భేదాలు చాలావరకు ఆ వెనక్కి తిప్పే మీటతో ముడిపడినవే.

కథ

వాన. పెద్ద ఇంట్లో ఒంటరి అమ్మాయి. సినిమా ఆమెకు పేరు పెట్టలేదు. ఊళ్ళో ఒక హంతకుడు తిరుగుతున్నాడని టీవీలో వార్త వస్తుంది. కాలింగ్ బెల్ మోగుతుంది. మల్హోత్రా అనే ఆయన కోసం వచ్చానంటూ సమీర్ పూర్ణవలే అనే వాగుడుకాయ తలుపు దగ్గర తిష్ఠ వేస్తాడు. ఇంతలో లోపల ఏదో అలికిడి, అప్పటికే ఎవరో చొరబడ్డారన్న అనుమానం. తరవాత ఖురేషీ అనే రెండో మనిషి పోలీసునంటూ వస్తాడు. ఇద్దరిలో హంతకుడెవరు, లేక దాక్కున్న మూడోవాడా అని మనం లెక్కలు వేస్తూ ఉండగా, అటక మీద శవం బయటపడుతుంది. హంతకురాలు ఆ అమ్మాయే. చివర్లో మళ్ళీ బెల్ మోగుతుంది.

ప్రేక్షకుల అభిప్రాయాలు

అందరూ ఒప్పుకునేది నటన. ‘సత్య’ (1998) వచ్చి ఎనిమిది నెలలు కూడా కాలేదు. అందులో భీకూ మాత్రేగా అదరగొట్టిన మనోజ్ బాజ్‌పాయ్ ఇందులో అతివినయంతో విసిగించే మనిషిగా కనిపించడం చాలామందిని ఆశ్చర్యపరిచింది. నవ్వాలో భయపడాలో తెలియని ఆ పాత్రే సినిమాకు ప్రాణమనేవాళ్ళున్నారు. ‘రంగీలా’ ఊర్మిళను చూడాలని వెళ్ళినవాళ్ళకు కళ్ళు తప్ప మరేదీ ఆడించని ఊర్మిళ దొరికింది.

ఫిర్యాదుల్లో మొదటిది నేపథ్య సంగీతం గురించి. చిన్న కదలికకు కూడా చెవులు చిల్లులు పడేలా సంగీతం మోగుతుందనీ, భయం పుట్టాల్సిన చోట ఉలికిపాటుతో సరిపెట్టారనీ అంటారు. ఇది నిజమే. ‘రాత్రి’ (1992) నాటి నుంచీ వర్మకున్న అలవాటిది. రెండోది సాగతీత: తలుపు తీయాలా వద్దా అన్న బేరం అరగంట నడుస్తుంది. ఆ బేరంలోనే ఉత్కంఠ ఉందని మెచ్చుకునేవాళ్ళూ అంతే గట్టిగా వాదిస్తారు.

అసలు తగువు ముగింపు మీద. ఆమె కళ్ళతోనే మనల్ని భయపెట్టి, చివరికి ఆమే హంతకురాలనడం మోసమన్నది ఒక పక్షం. చూసేవాళ్ళు లేనప్పుడు కూడా ఆమె ఎందుకు వణికింది, ఎవరి కోసం నటించింది అని వీళ్ళు అడుగుతారు. నటన కాదు, ఆ భయం ఆమెకు నిజమేననీ, ఆ భయమే ఆమె చేత చంపిస్తోందనీ రెండో పక్షం జవాబు. ఈ జవాబు మొదటిసారి చూసినప్పుడు తట్టదు. రెండోసారి చూస్తే అదే చూపు, అదే ఉలికిపాటు వేరే అర్థమిస్తాయి. ఒక్కసారి టికెట్టు కొని బయటికొచ్చిన ప్రేక్షకుడికి ఆ వీలు లేదు. థియేటర్లో మోసమనిపించింది ఇంట్లో తెలివి అనిపించడానికి కారణం ఇదే కావచ్చు. క్యాసెట్ షాపు మనిషి క్యాసెట్ ప్రేక్షకుడి కోసం తీసిన సినిమా అది.

తెలుగు ప్రేక్షకులకు ఇంకో ఇబ్బంది ఉంది. మన సినిమాల్లో ఇంట్లో దాక్కున్నది సాధారణంగా దెయ్యమే. వర్మ సొంత సినిమాలు ‘రాత్రి’, ‘దెయ్యం’ (1996) కూడా అంతే. దెయ్యానికి లాజిక్ అడగరు. మనిషి దాక్కుంటే మాత్రం ఏ కిటికీలోంచి వచ్చాడో లెక్క చెప్పాలి. పైగా పనిమనిషి, పక్కింటివాళ్ళు, పాలవాడు ఎవరూ రాని ఇల్లు మనకు తెలిసిన ఇల్లు కాదు.

పోలికలు

‘సైకో’ (1960) పేరు తప్పకుండా వస్తుంది. ముగింపు బయటపెట్టవద్దని హిచ్‌కాక్ ప్రేక్షకులను కోరాడు, ఆట మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వద్దని థియేటర్లకు షరతు పెట్టాడు. ఇంట్లో చిక్కుకున్న అంధురాలి కథ ‘వెయిట్ అంటిల్ డార్క్’ (1967) ఈ కోవలో మరో మైలురాయి. తెలుగులో ‘కౌన్?’కు దగ్గరగా వచ్చింది తాప్సీ నటించిన ‘గేమ్ ఓవర్’ (2019). అశ్విన్ శరవణన్ తెలుగు, తమిళాల్లో తీశాడు. చీకటంటే భయం, చక్రాల కుర్చీ, ముసుగులో వచ్చే హంతకులు, వీడియో గేములోలా మూడు ప్రాణాలు. ముంగిలిలోకి వచ్చిన మనిషినీ, పచ్చబొట్టులో చేరిన ఆత్మనూ ఒకే కథలో కలపడం కొందరికి కొత్తగా, కొందరికి పొసగనట్టుగా తోచింది. దాని హిందీ రూపాన్ని సమర్పించింది ‘కౌన్?’ రాసిన అనురాగ్ కశ్యపే.

చూసే చోటు

అమీర్‌పేట సత్యం థియేటరు ఇప్పుడు లేదు. ఆ స్థలంలో 2023లో ఏఏఏ సినిమాస్ మొదలైంది. పంజాగుట్టలో సినిమా అంటే ఇప్పుడు మాల్‌లోని మల్టీప్లెక్సే. అయితే ‘కౌన్?’లాంటి పాత సినిమా చూసేది అక్కడ కాదు, అమీర్‌పేటలోని మైత్రీవనం చుట్టూ కోచింగుల కోసం వచ్చినవాళ్ళుండే హాస్టళ్ళలో, ఫోనులో, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని. గదికి నలుగురైదుగురు. ఒంటరి అమ్మాయి భయం గురించిన సినిమాకు ఇంతకన్నా పొసగని చోటు లేదు. కింది మంచం మీద ఒకడు సగంలో ఉండగానే పై మంచం మీదివాడు హంతకురాలెవరో చెప్పేస్తాడు. తిట్టి, వెనక్కి తిప్పి, మొదటి నుంచి చూస్తారు.