లూపర్ పెడల్ - మిడి క్లాక్ అనుసంధానం

లూపర్ పెడల్ అనేది వాద్యకారుడు వాయించిన సంగీత ఖండాన్ని అప్పటికప్పుడే రికార్డు చేసి, కాలితో మీట నొక్కిన క్షణం నుండి దానిని ఆపకుండా మళ్ళీ మళ్ళీ వినిపించే ఉపకరణం. ఇలా తిరిగే ఖండాన్ని లూప్ అంటారు. డ్రమ్ మెషీన్, సీక్వెన్సర్, కంప్యూటర్ వంటి వేరొక పరికరం పంపే కాలసంకేతాన్ని అనుసరించి లూపర్ నడిచేటట్లు చేయడమే మిడి క్లాక్ అనుసంధానం. సంకేతం పంపే పరికరాన్ని మాస్టర్ అని, అనుసరించే దానిని స్లేవ్ అని వ్యవహరిస్తారు.

అవసరం

నిమిషానికి 100 మాత్రల వేగంతో, 8 మాత్రల కహర్వా ఆవర్తనాన్ని రికార్డు చేశారనుకుందాం. ఆ లూప్ నిడివి 4.8 సెకన్లు. ముగింపు మీటపై కాలు 50 మిల్లీసెకన్లు ఆలస్యంగా పడితే నిడివి 4.85 సెకన్లు అవుతుంది. ఒక్కసారి వింటే ఈ తేడా చెవికి అంతగా తెలియదు. పక్కన డ్రమ్ మెషీన్ నడుస్తుంటే మాత్రం 20 ఆవర్తనాలు తిరిగేసరికి తేడా పూర్తిగా ఒక సెకనుకు, అంటే ఒకటిన్నర మాత్రకు మించిపోతుంది. అప్పటికి తాళం పూర్తిగా తప్పినట్లే. అనుసంధానం ఉన్నపుడు లూప్ నిడివిని నిర్ణయించేది కాలు కాదు, గడియారం.

చరిత్ర

లూపింగ్ టేపు రికార్డర్లతో మొదలైంది. 1970లలో రాబర్ట్ ఫ్రిప్, బ్రయన్ ఈనో రెండు టేపు యంత్రాల మధ్య ఒకే టేపును నడిపి వాయించారు. అంకాత్మక లూపర్లలో 1990లలో వచ్చిన ఎకోప్లెక్స్ డిజిటల్ ప్రో మిడి క్లాకును అనుసరించగలిగేది. 2001లో బాస్ సంస్థ తెచ్చిన ఆర్‌సి-20తో లూపర్ సామాన్య వాద్యకారులకు చేరువైంది గాని, దానికి మిడి లేదు. 2014 నాటి ఆర్‌సి-1కు కూడా లేదు. 2020లో వచ్చిన ఆర్‌సి-5కు ఉంది. కొనేముందు చూడవలసిన మొదటి విషయం ఇదే, ఎందుకంటే మిడి లేని పెడల్‌కు దానిని తరువాత చేర్చడం సాధ్యపడదు.

మిడి ప్రమాణం 1983లో వెలువడింది. దీని రూపకల్పనలో అమెరికాకు చెందిన డేవ్ స్మిత్, జపానుకు చెందిన ఇకుతారో కకెహాషి ముఖ్యులు. ఈ కృషికి ఇద్దరికీ 2013లో టెక్నికల్ గ్రామీ పురస్కారం లభించింది.

పనిచేసే విధానం

మిడి క్లాక్ ఒక మాత్రకు 24 స్పందనలు పంపుతుంది. నిమిషానికి 120 మాత్రల వేగంలో ఇవి సెకనుకు 48, అంటే సుమారు 20.8 మిల్లీసెకన్లకు ఒకటి. 24 అనే సంఖ్య 2, 3, 4, 6, 8, 12లతో భాగింపబడుతుంది. కనుక చతురస్ర, తిస్ర నడకలు రెండూ ఇందులో శేషం లేకుండా ఇముడుతాయి. ఖండ (5), మిశ్ర (7) నడకలకు ఆ సౌలభ్యం లేదు.

ఒక స్పందనకూ మరొక స్పందనకూ రూపంలో భేదం లేదు. అన్నీ 248 అనే ఒకే సంఖ్య. వీటి వల్ల లూపరుకు వేగం తెలుస్తుంది గాని, సమం ఎక్కడ ఉందో తెలియదు. 1889లో చార్మినారుకు నాలుగు వైపులా గడియారాలు అమర్చారు. అటువంటి నాలుగు గడియారాలు ఒకే వేగంతో నడిస్తే చాలదు, నాలుగింటి ముళ్ళూ ఒకే గంట చూపాలి. ఇదీ అంతే. అందుకే మిడిలో ప్రారంభం (250), కొనసాగింపు (251), నిలుపుదల (252) అనే వేరే సందేశాలున్నాయి. ప్రారంభ సందేశం తరువాత వచ్చే మొదటి స్పందనే మొదటి మాత్ర. డ్రమ్ మెషీన్ నడుస్తుండగా మధ్యలో తీగ తగిలించిన లూపర్ వేగాన్ని సరిగా పట్టుకొని కూడా తాళంలో తప్పు చోట నిలబడటానికి కారణం ఇదే.

అమరిక

మాస్టర్ యొక్క మిడి అవుట్ నుండి లూపర్ మిడి ఇన్‌కు తీగ కలపాలి. మాస్టరులో క్లాక్ పంపే ఎంపికను, లూపరులో బాహ్య క్లాక్ ఎంపికను ఆన్ చేయాలి. ముందు లూపర్‌ను సిద్ధంగా ఉంచి, ఆ తరువాతే మాస్టరును ప్రారంభించాలి. చిన్న పెడళ్ళలో ఐదు సూదుల ప్లగ్గుకు బదులు 3.5 మిల్లీమీటర్ల జాక్ ఉంటుంది. దీనిలో 'ఎ', 'బి' అనే రెండు రకాల అమరికలున్నాయి. 2018లో 'ఎ' రకాన్ని ప్రమాణంగా స్వీకరించారు. రకం మారితే క్లాక్ అసలు అందదు, పెడల్ చెడిపోయిందని చాలామంది పొరబడేది ఇక్కడే.

లూప్ రికార్డయ్యాక మాస్టర్ వేగం మారిస్తే పెడళ్ళన్నీ ఒకే విధంగా స్పందించవు. కొన్ని శ్రుతి మారకుండా కాలాన్ని సాగదీస్తాయి, అప్పుడు ధ్వని కొంత గరుకు తేలుతుంది. టేపు వలె వేగంతోబాటు శ్రుతినీ మార్చే పెడల్ అయితే, 100 నుండి 106కు పెంచగానే హార్మోనియం లూప్ దాదాపు ఒక స్వరస్థానం పైకి జరిగి పాటతో కలవకుండా పోతుంది.

పాతబస్తీ తాళాలకు వర్తింపు

హైదరాబాదు పాతబస్తీలో వినిపించే ఖవ్వాలీలో కహర్వా, దాద్రా తాళాలు ఎక్కువ. మిడి క్లాక్ తాళం పేరు చెప్పదు. దానిని లూపరులోనే వేరుగా నిర్ణయించాలి. చాలా పెడళ్ళు 4/4కు అమర్చి వస్తాయి. 8 మాత్రల కహర్వా (192 స్పందనలు) దానిలో ఇముడుతుంది. 6 మాత్రల దాద్రా (144 స్పందనలు) ఇమడదు: ముగింపు మీట నొక్కినా పెడల్ తరువాతి సరిహద్దు దాకా ఆగి 8 మాత్రలకు ముగిస్తుంది, తరువాతి ఆవర్తనపు మొదటి రెండు మాత్రలు లూపులో చేరిపోతాయి. పెడల్‌ను 3/4కు మార్చితే ఈ చిక్కు తీరుతుంది.

మర్ఫా విషయం దీనికి భిన్నం. నిజాం సైన్యంలో కొలువు చేసిన హద్రమౌత్ అరబ్బుల ద్వారా వచ్చి బార్కస్ ప్రాంతంలో వేళ్ళూనిన ఈ వాద్యం పెళ్ళి ఊరేగింపులలో వినిపిస్తుంది. దఫ్, మర్ఫా వాయించేవారి వేగం ఆడేవారి హుషారును బట్టి మారుతుంది. గడియారానికి కట్టుబడిన లూప్ అటువంటి బృందాన్ని అనుసరించలేదు. బృందంలో ప్రధాన వాద్యకారుని చెవికి క్లాక్ శబ్దం వినిపించడం ఒక మార్గం గాని, దానితో ఆ వాద్యపు సహజమైన ఉరవడి కొంత తగ్గుతుంది. రెండవ మార్గం లూపర్‌నే మాస్టరుగా చేయడం. మొదటి లూప్‌ను చేతి వేగంతోనే రికార్డు చేస్తే, పెడల్ దాని నిడివిని బట్టి వేగాన్ని లెక్కించి డ్రమ్ మెషీనుకు క్లాక్ పంపుతుంది. 4.8 సెకన్ల లూప్‌ను 8 మాత్రలుగా లెక్కిస్తే వేగం 100, 4గా లెక్కిస్తే 50, 16గా లెక్కిస్తే 200. కాబట్టి మాత్రల సంఖ్యను ముందుగానే పెడల్‌కు తెలపాలి. అన్ని లూపర్లకూ క్లాక్ పంపే సామర్థ్యం ఉండదు.