తొలి నెలల గర్భిణికి థైరాయిడ్ పరీక్ష

గర్భం తొలి వారాల్లో తల్లి థైరాయిడ్ గ్రంథి పనితీరును తెలిపే రక్తపరీక్ష. ముందు థైరాయిడ్‌ను ప్రేరేపించే హార్మోన్ అయిన టీఎస్‌హెచ్‌ను, అందులో తేడా కనిపిస్తే థైరాయిడ్ హార్మోన్ అయిన ఫ్రీ టీ4ను కొలుస్తారు. దాదాపు 12వ వారం దాకా శిశువు గ్రంథి సొంతంగా హార్మోన్ తయారుచేయదు. అంతవరకూ బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి హార్మోనే ఆధారం. అందుకే ఐదో నెలలో చేయించే పరీక్షకన్నా నెల తప్పగానే చేయించేది ఎంతో విలువైనది.

ఈ దశలో గర్భధారణ హార్మోన్ అయిన హెచ్‌సీజీ కూడా థైరాయిడ్‌ను ప్రేరేపిస్తుంది కాబట్టి టీఎస్‌హెచ్ సహజంగానే తగ్గుతుంది. అందుకే గర్భం లేనివారి ప్రమాణాలతో గర్భిణి రిపోర్టును చదవకూడదు. 2014 నాటి భారత ప్రభుత్వ మార్గదర్శకాలు తొలి త్రైమాసికానికి టీఎస్‌హెచ్ గరిష్ఠ పరిమితిని లీటరుకు 2.5 మిల్లీయూనిట్లుగా పెట్టాయి. స్థానిక ప్రమాణాలు లేనిచోట సుమారు 4 అని 2017లో అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ సూచించింది.

థైరాయిడ్ హార్మోన్ తయారీకి గర్భిణికి రోజూ 250 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అయోడిన్, ఐరన్ రెండూ కలిపిన ఉప్పును రూపొందించింది. రెండూ గర్భిణికి అవసరమే.

మాత్రల విషయం వేరు. హార్మోన్ లోపానికి ఇచ్చే లెవోథైరాక్సిన్‌ను పరగడుపున వేసుకోవాలి. ఐరన్ మాత్రకూ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకుంటే మందు ఒంటికి సరిగా పట్టదు.