మింట్ కాంపౌండ్: నాణేలు తరలిపోయాక

బేగంపేట, పంజగుట్టల నుంచి సచివాలయం వైపు వెళ్లే హైదరాబాద్ వాసికి ‘మింట్ కాంపౌండ్’ అనగానే గుర్తొచ్చేది కరెంటాఫీసు. దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం అక్కడే ఉంది. ఆ పేరుకు కారణమైన టంకశాల మాత్రం అక్కడినుంచి తరలిపోయి పాతికేళ్లు దాటింది.

నిజాం టంకశాల 1803లో పాతబస్తీలోని సుల్తాన్‌షాహీలో మొదలైంది. సమ్మెట దెబ్బతో నాణేనికి ముద్ర వేసే రోజులవి. ఒక నాణెం అంచు మరోదానితో కలిసేది కాదు; దొంగనాణేలకు అదే అదను. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ హయాంలో యంత్రాలు రంగంలోకి దిగాయి. 1903లో టంకశాల ఐరోపా పద్ధతి యంత్రాలతో అప్పటికి ఊరి శివారైన సైఫాబాద్‌కు మారింది. చార్మినార్ బొమ్మ రూపాయి మీదకెక్కింది ఆ కాలంలోనే.

చాలా సంస్థానాలు బ్రిటిష్ రూపాయికి దారి వదిలేసినా హైదరాబాద్ తన సొంత నాణెమైన హాలీ సిక్కాను వదల్లేదు. మారకంలో ఏడు హాలీ రూపాయలు సుమారు ఆరు బ్రిటిష్ రూపాయలకు సమానం. సైఫాబాద్ కర్మాగారం ఆ ప్రత్యేకతకు ఆయువుపట్టు. 1948లో సంస్థానం భారతదేశంలో కలిసింది. 1950లో టంకశాల కేంద్రం చేతికి వచ్చింది. హాలీ సిక్కా క్రమంగా కనుమరుగైనా ఇక్కడ పని ఆగలేదు. భారత నాణెం మీద సంవత్సరం కింద కనిపించే చిన్న నక్షత్రం హైదరాబాద్ టంకశాల గుర్తు.

ఒకప్పటి శివారు నగరం నడిబొడ్డయింది. 1997లో ముద్రణ చర్లపల్లికి మారింది. 2022 జూన్‌లో పాత ప్రాంగణంలో మ్యూజియం తెరిచారు. నాణేలతో పాటు వాటిని చేసిన యంత్రాలూ జనం చూడగలుగుతున్నారు.

ఆ దగ్గర్లోనే 1920లో వెలసిన హుస్సేన్‌సాగర్ థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఈ అదృష్టం దక్కలేదు. దాన్ని కూల్చాక ఆ చోట ఎన్టీఆర్ గార్డెన్స్ వచ్చింది. మూతపడ్డ సనత్‌నగర్ ఆల్విన్ కర్మాగారం పేరు బస్టాపుల్లో, పాత ఫ్రిజ్‌ల మీద మిగిలింది. టంకశాల నిలవడానికి కట్టడం అందమొక్కటే కారణం కాదు. పాలకులు మారినా అది సర్కారు ఆస్తిగానే కొనసాగింది. పైగా తరలిపోయిన సంస్థే పాత ప్రాంగణానికి వారసురాలిగా మిగిలింది. అజామాబాద్, సనత్‌నగర్‌ల వంటి పారిశ్రామికవాడల్లో పాత ప్రాంగణాలను కాపాడే పూచీ ఎవరిదో కర్మాగారాలు మూతపడక ముందే తేల్చాలి. షెడ్డు నేలమట్టమయ్యాక పెట్టే బోర్డు ఊరి పేరు చెబుతుంది గానీ అక్కడ పని ఎలా జరిగేదో చెప్పలేదు.