పిల్లల కోసం పుట్టిన నూనె రంగులు

మొన్న మన బరంపురం సంఘం బీరువా సర్దుతుంటే పాత ఉగాది పోటీల బొమ్మలు దొరికాయి. దొంతరగా పెట్టేశాం కదా, కాగితాలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి, కింది బొమ్మ రంగంతా పై కాగితం వీపుకెక్కింది. పిల్లలు సరిగా ఆరబెట్టలేదని ఒకరన్నారు. పాపం, ఎన్నాళ్ళు ఎండలో పెట్టినా అవి ఆరేవి కావు. ఆయిల్ పేస్టల్ కథ తెలుసుకుంటే మన తప్పు ఇదొక్కటే కాదని తేలింది.

కథ జపానుది. అప్పట్లో అక్కడి బడుల్లో డ్రాయింగంటే పుస్తకంలోని బొమ్మను ఉన్నదున్నట్టు దింపడమే. యమమోటో కనాయె అనే చిత్రకారుడు రష్యాలో పిల్లల బొమ్మల ప్రదర్శన చూసి వచ్చాడు. 1919లో నగానో ప్రాంతంలోని ఒక బడిలో, పిల్లలు సొంతంగా వేసిన బొమ్మలతో ప్రదర్శన పెట్టాడు. నమూనా వద్దు, కళ్ళతో చూసింది వేయనివ్వండి అన్నాడు.

ఆ మాట నచ్చినవాళ్ళే 1921లో సకురా కంపెనీ పెట్టారు. మొదట మైనపు క్రేయాన్లు చేశారు. రంగు పలచన, ఒకదాంట్లో ఒకటి కలవదు. అప్పుడు పారఫిన్ మైనం, స్టియరిక్ ఆమ్లం, కొబ్బరినూనె కలిపి 1925లో క్రేపాస్ తెచ్చారు. అదే తొలి ఆయిల్ పేస్టల్. కొబ్బరినూనె చలికి గడ్డకడుతుందని మన ఇళ్ళల్లో ఎవరికి తెలియదు! అందుకే 1927 దాకా వేసవికి గట్టివి, చలికాలానికి మెత్తనివి విడివిడిగా అమ్మేవారు. పెద్ద చిత్రకారుల సంగతి తర్వాత వచ్చింది. పికాసో కోరిక మీద పారిస్‌లో సెనెలియే వారు 1949లో వాళ్ళకు తగిన రకం తయారుచేశారు.

ఆయిల్ స్టిక్ అని ఇంకోటుంది, చూడ్డానికి ఇలాగే ఉంటుంది. దాంట్లో అవిసె నూనె వాడతారు. అది గాలి తగిలితే పొరకట్టి గట్టిపడుతుంది. బాస్కియా 1982లో వేసిన తల బొమ్మలో ఉన్నది ఇదే, 2017లో ఆ బొమ్మ 11 కోట్ల డాలర్లు దాటి పలికింది. రిచర్డ్ సెర్రా అయితే ఈ కడ్డీలు కరిగించి ఇటుకలంత దిమ్మలు పోసుకుని నల్లరంగు పులిమేవాడు. మన పిల్లల డబ్బాల్లోది ఆరని రకం. ప్రతి బొమ్మ మీదా బటర్ పేపరు వేయాలి, ఫ్రేము కడితే అద్దం తగలకుండా సందు వదలాలి. మనం రెండూ చేయలేదు.

ఇక రెండో తప్పు. మన పోటీలో ప్రతి ఏడూ గోడకు గుడి బొమ్మ ఒకటి తగిలించి, ఇది చూసి వేయండి అన్నాం. ఏ బడి పద్ధతి మీద విసిగి ఈ రంగులు పుట్టించారో, ఆ పద్ధతికే వీటిని వాడాం! దొంతరలో అన్నీ అదే గుడి. ఒక్క కాగితం వెనక మాత్రం, ముగ్గు వేస్తున్న ముసలామె, పక్కన పిల్ల, కింద వంకర అక్షరాలతో "అమ్మమ్మ" అని తెలుగులో. ఒడియా, ఇంగ్లీషు బడులకు వెళ్ళే మన పిల్లల్లో ఎవరో ఎవరూ అడక్కుండా రాసిన మాట. వెనక్కి తిప్పి చూసినవాళ్ళం లేము, బహుమతీ ఇవ్వలేదు. ఇప్పుడు కింది గుడి ఎరుపు ఆమె ముఖం మీద అంటుకుని ఉంది.

వచ్చే ఉగాదికి నమూనా బొమ్మ ఉండదు. ఆ కాగితం మీద పేరు లేదు, 17 అనే నంబరు మాత్రమే ఉంది. వేసినవాళ్ళు ఈపాటికి పెద్దవాళ్ళయి ఉంటారు. మీ ఇంట్లో ఎవరిదైనా అనిపిస్తే సంఘానికి వచ్చి చూడండి. బటర్ పేపరు వేసి విడిగా పెట్టాం.