పడమర: మాలపేటకు పోవు గోర్జి

గంటరు గొలుసు పొడవు 66 అడుగులు. అందులో 100 లింకులు. పది చదరపు గొలుసులైతే ఎకరం. ఈ లెక్క నేను బళ్లో నేర్చుకున్నది కాదు, మా తాత నోట విన్నది. తాతకి సంతకం రాదు. ఊరి వెట్టి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత మా విజయనగరం వైపు జమీందారీ ఊళ్లలో సర్వే, సెటిల్మెంటు జరిగినప్పుడు గొలుసు లాగినోళ్లలో ఆయనొకడు. రాళ్లు మోసిందీ, పాతిందీ మా పేటోళ్లే. ఏ రాయి ఎక్కడుందో కరణం కాగితం చూసి చెప్పేవాడు, తాత చూడకుండా చెప్పేవాడు.

ఇది ఒక్క మా ఊరి ముచ్చట కాదు. పొలిమేర తగువొస్తే పరయ కులం మనిషిని నడిపించి హద్దు తేల్చుకునేవారని థర్‌స్టన్ 1909లోనే రాశాడు. మహారాష్ట్ర పల్లెల్లో మహర్లకీ అదే పని. హద్దుకి సాక్ష్యం మాది, లోపలి నేల మాది కాదు. సెటిల్మెంటులో పట్టా దక్కింది రైతుగా రికార్డుకెక్కినవాడికి. కంబారి ఎన్నేళ్లు దున్నినా ఆ దున్నకం కామందు పేరునే పడింది. తర్వాత డి-పట్టాలుగా దక్కిన బంజరు ముక్కల్ని అమ్మకూడదని 1977 చట్టం కట్టడి చేసింది. అవి పెద్దోళ్ల పాలు కాకుండా కాపాడ్డానికే ఆ చట్టం, కాదనను. కానీ ఒకటి అమ్మి ఒకటి కొనుక్కునే వీలు మా నాన్నకి లేదు. ఇల్లు కొనాలంటే నా జీతం చూపించి బ్యాంకు అప్పు తేవాల్సిందే. బ్యాంకుకేమో తగువులేని హద్దు కావాల.

నేను బేరమాడిన ఇల్లు ఊరికి ఆఖరుది, మా పేటకి మొదటిది. దస్తావేజులో 200 గజాలు. టేపు పెడితే 181. పడమటి పక్కాయన పశువులశాల జరిగి జరిగి మా పేట గోర్జిని మింగి, ఈ పెరట్లోకీ వచ్చింది. పాత యజమాని ఉన్నన్నాళ్లూ లేని తగువు నేను బయానా ఇచ్చిన వారానికే లేచింది.

"మాస్టారూ, సదూకున్నోరు, తగువు జాగా మీకెందుకండీ?" అన్నాడాయన నాతో. అదే ఊపులో మా నాన్నవైపు తిరిగి, "ఏరా, కొడుక్కి సెప్పుకోనేవా?" అన్నాడు. నాకు అండీ, మా నాన్నకి ఏరా!

ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టాను. సర్వేయరొచ్చి పటం విప్పాడు. గ్రామకంఠమంతా ఒకటే నంబరు. బయటి అంచే తప్ప లోపల ఎవరిల్లు ఎందాకో గీత లేదు. 2020 డిసెంబరు 21న మొదలైన రీసర్వే అప్పటికి మా ఊరు చేరలేదు. చేరిన ఊళ్లలో రాళ్ల మీద ఎవరి పేరుండాలన్న గొడవే పెద్దదైపోయింది. భూహక్కు చట్టమైతే 2023 అక్టోబరులో అమల్లోకొచ్చి 2024లో రద్దయిపోయింది.

ఇక మిగిలింది పాత కాగితాలు. కోర్టుల్లో ఒక పాత సూత్రముంది: విస్తీర్ణానికీ హద్దులకీ పొంతన లేకపోతే సాధారణంగా హద్దులదే పైచేయి. అంచేత చూడాల్సింది గజాలు కాదు, చెక్కుబందీ. రిజిస్ట్రారాఫీసులో ఒకటో పుస్తకంలో ఎక్కిన దస్తావేజు నకలు రుసుము కట్టి ఎవరైనా తీసుకోవచ్చు, పక్కవాడిదైనా సరే. ఈ సంగతి మనోళ్లలో చాలామందికి తెలీదు. నేను రెండూ తీయించాను. ఈ ఇంటి 1962 దస్తావేజులో "పడమర: మాలపేటకు పోవు గోర్జి". పక్కాయన తాత దస్తావేజులో "తూర్పు: మాలపేటకు పోవు గోర్జి". ఇద్దరూ ఒప్పుకున్న గోర్జి! మా పేటలో ఎవరికీ ఇంటి దస్తావేజు లేదు. ఊరివాళ్ల దస్తావేజుల్లో మాత్రం హద్దుగా మేమున్నాం.

మా అమ్మకి ఈ నకళ్లేవీ ఎక్కలేదు. "లచ్చింపేట మరిసిపోనావేటిరా?" అంది. ఎలా మరిచిపోతాం? 2012 జూన్ 12. వంగర మండలం లక్ష్మీపేట. అప్పుడది శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి విజయనగరం. మడ్డువలస రిజర్వాయరు కోసం సర్కారు తీసుకున్నాక నీళ్లలో మునగకుండా మిగిలిన భూమిని దళితులు సాగు చేసుకుంటున్నందుకు ఐదుగుర్ని చంపేశారు. నాలుగడుగుల గోర్జికి ప్రాణం మీదికి తెచ్చుకుంటావా అన్నది అమ్మ భయం. ఆ భయాన్ని కొట్టిపారేసే ధైర్యం నాకు లేదు. అయినా కొన్నాను. బ్యాంకు 181 గజాలకే అప్పిచ్చింది. మిగతాది మా ఆవిడ పుస్తెలతాడు.

రిజిస్ట్రేషను నాడు దస్తావేజు లేఖరి, "మాస్టారూ, ఆ కులం మాట బాగోదు. ఉత్తినే దారి అని రాసేద్దాం" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. పేట మొగలో అంబేడ్కర్ కాలనీ అని బోర్డు పెట్టించడానికి మా కుర్రాళ్లు రెండేళ్లు తిరిగారు, అందులో నేనూ ఉన్నాను. కానీ ఆ మాట తీసేస్తే 1962 గోర్జికీ దీనికీ లంకె తెగిపోతుంది. అక్షరం పొల్లుపోకుండా దింపమన్నాను. పక్కన "ప్రస్తుతం అంబేడ్కర్ కాలనీ" అని చేర్పించాను.

రెండు నకళ్లూ జతచేసి, గోర్జి మీద ఆక్రమణ తీయించమని పంచాయితీకి పేటంతా సంతకాలు పెట్టాం. వేలిముద్రలే ఎక్కువ. పశువులశాల ఇంకా అక్కడే ఉంది. మా శవాలు ఇంకా చెరువుగట్టు చుట్టూ తిరిగే పోతున్నాయి.