చలిజ్వరం మందుల పోలిక

చలిజ్వరానికి, అంటే మలేరియాకు, ఏ మందు ఎంత పనిచేస్తుందో లెక్కకట్టి చూసిన తొలి పెద్ద ప్రయత్నాల్లో ఒకటి మద్రాసు ప్రెసిడెన్సీలో జరిగింది. 1860ల మొదట్లో సర్కారు నీలగిరుల్లో నాటించిన, క్వినైన్ ఇచ్చే సింకోనా చెట్లలో ఎర్రబెరడు రకమే ఎక్కువ. అందులో క్వినైన్ తక్కువ, దానికి తోబుట్టువులైన సింకోనిడిన్, సింకోనిన్ ఎక్కువ. క్వినైన్ ఒక్కటే తీసుకుని మిగతావి పారబోయాలా, అవీ జ్వరాన్ని ఆపుతాయా? 1866లో వేసిన కమిషన్ తేల్చవలసింది ఇదే. వెయ్యి మందికి మందు పారనివారు మరో తోబుట్టువు క్వినిడిన్‌తో 6, క్వినైన్‌తో 7, సింకోనిడిన్‌తో 10, సింకోనిన్‌తో 23. చవకరకం కూడా చాలావరకు పనిచేసిందన్నమాట.

ఈ లెక్కను పూర్తిగా నమ్మడానికి లేదు. మలేరియా క్రిమిని లావెరాన్ అనే వైద్యుడు చూసింది 1880లో. అంతకుముందు వైద్యులకు కొలత జ్వరం తగ్గడమొక్కటే. వచ్చినది చలిజ్వరమో, దానంతటదే తగ్గిపోయే మామూలు జ్వరమో ఎవరు చెప్పగలరు?

ప్రయోగశాలలో పోల్చే పద్ధతి 1920లలో జర్మనీలో స్థిరపడింది. రోల్ అనే పరిశోధకుడు మలేరియా సోకిన కానరీ పిట్టల మీద మందులు పరీక్షించాడు. 1942లో, క్వినైన్ ఎక్కువగా వచ్చే జావా జపాను చేతిలో పడి క్వినైన్ రాక ఆగిపోయేసరికి అమెరికాలో ఈ పని పెద్దయెత్తున సాగింది. బాతుపిల్లలకు క్రిమి ఎక్కించి, మందు పెట్టి, నెత్తుటి చుక్కను గాజుపలక మీద పరిచి, ఎర్రకణాల్లో క్రిములను లెక్కపెట్టేవారు. క్వినైన్ బలాన్ని 1గా తీసుకుని తక్కిన మందుల బలం చెప్పేవారు. అలా సుమారు 14,000 రసాయనాలు జల్లెడ పట్టారు. జర్మనీలో ఆండర్‌సాగ్ అనే రసాయన శాస్త్రవేత్త 1934లో తయారుచేసిన క్లోరోక్విన్, విషమని మొదట పక్కన పెట్టినదే, చివరికి ముందు నిలిచింది. దాని తోబుట్టువు సాంటోక్విన్‌కూ దానికీ తేడా ఒక్క మిథైల్ గుంపు.

కొల్లేటికి తూర్పున ఉన్న భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అప్పటికి లెడర్లీ సంస్థలో పరిశోధనకు పెద్ద. అక్కడ ఇదే తీరున పిపరజీన్ సంబంధిత రసాయనాలను ఫైలేరియా (బోదకాలు జాతి క్రిమి) ఉన్న కాటన్ ఎలుకలపై పోల్చిచూశారు. 1947లో వెలువడిన బోదకాలు మందు హెట్రజాన్ దాని ఫలం. బోదకాలు తరతరాలుగా తెలిసిన గోదావరి డెల్టాకు మలేరియా మందులకంటే ఈ మందే దగ్గరిది.

పక్షిలో పారిన మందు మనిషిలోనూ పారుతుందన్న భరోసా లేదు. 1976లో ట్రాగర్, జెన్సెన్ అనే శాస్త్రవేత్తలు మనిషి మలేరియా క్రిమిని గాజుపాత్రలో పెంచగలిగాక ఆ చిక్కు చాలావరకు తీరింది. క్రిమి పెరుగుదలను సగానికి తగ్గించే మోతాదే కొత్త కొలమానమైంది. అస్సాంలో 1973లో బయటపడిన క్లోరోక్విన్ నిరోధకతను ఇప్పుడు రోగి నెత్తుటి నమూనాతోనే కొలవవచ్చు. క్లోరోక్విన్‌కు లొంగని కొన్ని క్రిములు దానికి దగ్గరి చుట్టమైన అమోడియాక్విన్‌కు ఇంకా లొంగుతున్నాయని తేలిందీ ఇటువంటి పోలికల్లోనే.