కుంట, కట్ట, దశబంధం: తిరువాలంగాడు సీమలో నీటి మాటలు

తిరుత్తణి, తిరువాలంగాడు ప్రాంతంలో తెలుగువారికి 'ఏరు' అంటే పారే నది. తమిళులకు 'ఏరి' అంటే కట్ట వేసి నీరు నిలిపిన చెరువు. వినడానికి దగ్గరగా ఉన్నా ఇవి ఒకే ధాతువుకు చెందవు. మన ఏరు పూర్వం బండి ఱతో 'ఏఱు'. తమిళ 'ఆఱు' దాని జ్ఞాతిపదం. చెరువుకు సంబంధించిన నిజమైన జ్ఞాతులు కొలను–కుళం, తూము–తూంబు. ఈ మాటల వెనుక ఉన్న చిన్న మట్టికట్టల చరిత్రను ఇక్కడ పరిశీలిస్తాము.

1905లో వెలుగుచూసిన తిరువాలంగాడు తామ్రశాసనంలో 31 రేకులున్నాయి. మొదటి రాజేంద్రచోళుడు తన 6వ పాలనా సంవత్సరంలో, సుమారు 1018లో, పళైయనూరు గ్రామాన్ని ఇక్కడి శివాలయానికి ఇచ్చిన వివరం అందులో ఉంది. చోళుల దానపత్రాలు ఊరి ఆస్తిని చెప్పేటప్పుడు పొలాలతో ఆగవు. చేపలు మసలే పల్లాలు, తేనెపట్టున్న తొర్రలు, ఉడుము పరుగెత్తే నేల, తాబేలు పాకే నేల కూడా లెక్కకు వస్తాయి. నీటిని ఆశ్రయించిన జీవాలు కూడా ఆస్తి వర్ణనలో భాగమన్నమాట.

రాజులు తవ్వించిన తటాకాలకు శాసనాలున్నాయి. మరి సొంత ఖర్చుతో కుంట కట్టించిన గృహస్థు సంగతేమిటి? తటాకం సప్తసంతానాల్లో ఒకటి కనుక పుణ్యం ఒక కారణం. రెండవది దశబంధం. రాయలసీమలోను, ఉత్తరార్కాటులోను చెరువు కట్టించినవారికి మాన్యమో, శిస్తులో వాటానో ఇచ్చేవారు. అందుకు బదులుగా కట్టను, తూమును బాగుచేస్తూ ఉండాలి. కుంట ఒకరి పేరుమీద ఉన్నా, దాన్ని నిలిపే పూచీ ఊరికి ఇచ్చిన మాట.

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం (1369) మంచి చెరువుకు 12 అంగాలను, 6 దోషాలను పేర్కొంటుంది. కట్టనుంచి నీరు ఊరడం, చవిటినేల మాత్రమే కాదు, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం కూడా దోషమే. తిరుత్తణి తాలూకాలో అధికభాగం 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రంలో చేరింది. నగరి ఏరు మాత్రం ఎప్పటిలాగే ఆంధ్ర వైపు పుట్టి ఇటు పారుతున్నది. పైనీటి మీద కిందివారికి అధికారం లేనిచోట చెరువు నిలవదన్న పాత హెచ్చరిక ఈ సీమకు బాగా వర్తిస్తుంది.

ఇనాముల రద్దు తరువాత దశబంధం అన్న మాట వాడుక తప్పింది. మాట పోయినచోట పూచీ కూడా మరుపున పడుతుంది. బయటి ప్రాంతాల్లో చదువుతున్న మన విద్యార్థులు ఊళ్ళకు వెళ్ళినప్పుడు కుంట పేరేమిటో, ఎవరు కట్టించారంటారో, నీరు పొర్లిపోయేచోటును అలుగంటారో, కలుజంటారో, మొరవంటారో అడిగి రాసుకోవాలి. శాసనానికి ఎక్కని చిన్న కట్టలకు పెద్దల నోటిమాటే ముఖ్యమైన ఆధారం.